ఒక్క గాలి బిళ్ళ

సోమవారం, మొదటి షిఫ్టు

పెద్దక్క తిరుగుతోంది. చిన్నక్క తిరుగుతోంది. గాలి సూది పచ్చ గీత మీదే ఉంది.

రూలు ప్రకారం నేను ఇక్కడితో ఆపాలి. ఫ్యాన్ హౌస్ రికార్డులో ఫ్యాన్ల సంగతి తప్ప ఇంకో ముక్క రాయకూడదు. పొద్దంతా పెద్దక్కా చిన్నక్కా అనే ఈ రెండు ఫ్యాన్ల ఇనుప మొహాలనే చూస్తూ కూర్చునే మనిషికి చెయ్యి ఊరుకుంటుందా? రాస్తాను. తప్పనేవాళ్ళు వచ్చి నా బదులు కూర్చోవచ్చు, ఈ సారమ్మ కాదనదు.

ఇవాళ కళల పండుగ కాగితం అంటించారు. మనిషికి మూడు గాలి బిళ్ళలు. హాలు తలుపు పక్కనున్న డబ్బాలో బిళ్ళ వేస్తే లోపలికి వదులుతారు, లేకపోతే లేదు. ఒక్కచోట అంతమంది ఊపిరి పీల్చాలంటే ఆ గాలి ఎవరి వాటాలోంచి తీయాలన్నది తేలాలి కదా మరి. చిన్నప్పుడు మాకు అయిదేసి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు మూడు.

అన్నం దగ్గరే పంచాయితీ మొదలైంది. మా ఆయన బానయ్యకు ఎండ నాటకం మీద పిచ్చి.

"పోయినేడు సూర్యుని ఏషమేసినోడు నడిమిట్ల జారి పడ్డడు. ఈయేడు గూడ పడ్తడేమో చూడాలె," అన్నాడు.

"గా పడుడు చూసెతందుకు ఒక బిళ్ళ దండుగ చేస్తవా?"

"నవ్వినందుకు బిళ్ళ ఇచ్చుడు దండుగెట్లయితదే?"

కవి సమ్మేళనం మాత్రం వద్దని ఇద్దరం ఒప్పుకున్నాం. అక్కడ వేదిక కింద కన్నా వేదిక మీదే ఎక్కువమంది ఉంటారు, హాల్లో గాలంతా వాళ్ళే మింగేస్తారు. పుట్టగొడుగుల తొక్కు పోటీకి పోతే నాలుక మీద కాస్త కారమైనా తగులుతుంది. బొగ్గు బొమ్మలు చూడాలని మా బిడ్డ మొగిలి గోల. ఈసారి అది కోలాటంలో ఆడుతోంది, మొదటిసారి. కాబట్టి ఒక బిళ్ళ కోలాటానికి. ఒక బిళ్ళ మూడో హాల్లో ఐలవ్వ కథకు. ఈ రెండూ అడగాల్సిన పని లేదు. మూడోదాని మీదే మా కొట్లాట.

ఐలవ్వ నన్ను పెంచింది. అమ్మ పోయిన రోజు నన్ను చంకనేసుకుని తనుండే అరకు తీసుకుపోయి, కడుపు నిండా పెట్టి, కథ చెప్పి పడుకోబెట్టింది. ఆమె చెప్పేది వాన పెండ్లి కథ. ఈ నేల కింద వానను చూసినవాళ్ళు ఎవరూ లేరు, ఆమె కూడా చూడలేదు. అయినా ఆ కథలో నేలకూ వానకూ పెళ్ళి జరుగుతుంటే, హాల్లో కూర్చున్నవాళ్ళనే పేరు పేరునా చుట్టాలుగా పిలుస్తుంది. "దేవక్క ఇంటోళ్ళు వచ్చిండ్రు, పిల్లకు పట్టెమంచం తెచ్చిండ్రు" అని పాడితే దేవక్క ముసిముసి నవ్వులు నవ్వుకుంటుంది. ఏడాదంతా ఎవరూ మన పేరు అంత గట్టిగా పిలవరు. అందుకే ఆ హాలు ఎప్పుడూ కిటకిట.

బుధవారం, మొదటి షిఫ్టు

పెద్దక్క అరుస్తోంది. బేరింగు పోయే శబ్దం. గ్రీజు పెట్టాను, కాసేపు మూలిగి మళ్ళీ మొదలుపెట్టింది. సూది పచ్చ గీత కిందికి జారింది.

బిళ్ళలు రెండే అన్నారు. బొగ్గు బొమ్మలూ తొక్కూ ఎండ నాటకమూ అన్నీ పోయాయి. బానయ్య ముఖం చూడాలి, పెళ్ళిలో మాంసం ముక్కలు అయిపోయాయని విన్నవాడిలా ఉన్నాడు.

ఐలవ్వ అరకు పోయాను. గజ్జెలకు తాడు మార్చుకుంటోంది. ఆమె అక్క కొడుకు రాజలింగు డోలు బిగిస్తున్నాడు.

"అవ్వా, ఈసారి మనిషికి రెండేనట."

"రెండైతే ఏంది, ఒకటి నాకేస్తరు," అంది. "చెప్పేవాడికి వినేవాడు లోకువంటరు గని, నా వినేటోళ్ళు నాకు లోకువ గారు బిడ్డా. ఆళ్ళ ఊపిరి మీదనే బతుకుతున్న."

ఆ మాట ఉన్నదున్నట్టు నిజం. ఐలవ్వకు పని చేసే వయసు దాటి చాలా కాలమైంది. ఆ వయసు దాటినవాళ్ళకు ఈ లెవెల్‌లో గాలి వాటా ఖాయం కాదు, గాలి తక్కువపడ్డప్పుడల్లా వయసు వరసన ఒక్కొక్కరినే కింది లెవెల్‌కు దించేస్తారు. దానికి మేం దిగుడు అంటాం. అక్కడికి గాలి చివర్లో మిగిలితే పోతుంది. దిగినవాళ్ళ కబురు మొదట్లో వస్తుంది, తర్వాత రాదు. ఐలవ్వ ఇంకా పైనే ఉందంటే కళాకారుల కోటా పుణ్యం. ఆ కోటాకు ఒకటే షరతు, పండుగలో ఆమె కథకు పాతికమందైనా కూడాలి. పాతిక ఏం లెక్క? నిరుడు నూరుమంది పైనే వచ్చారు, జాగ లేక తలుపు బయట నిలబడిపోయిన ముసలాయన ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కాబట్టి ఆ షరతు గురించి ఎవరమూ ఎప్పుడూ ఆలోచించలేదు.

శుక్రవారం, మొదటి షిఫ్టు

పెద్దక్క ఆగిపోయింది. నేనూ ఇద్దరు మెకానిక్కులూ మీద పడి పాత బేరింగునే సానపట్టి తిప్పాం. తిరుగుతోంది కానీ సగం గాలే. కొత్తది లేదు, తయారుచేసేవాళ్ళు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేరో. చిన్నక్క ఒంటి చేత్తో లాగుతోంది. సూది ఎర్ర గీత దగ్గర ఆడుతోంది.

మనిషికి ఒక్క బిళ్ళ.

అది చాలదన్నట్టు, కరెంటు కలిసొస్తుందని ఏ హాలు ఎంత నిండిందో చూపించే బోర్డును కూడా ఆర్పేశారు. పండుగ కమిటీ పెద్ద సుదర్శనం దండోరా వేయించాడు. ఎవరి బిళ్ళ ఎక్కడ వేసుకుంటారో వాళ్ళ ఇష్టం, హాలు నిండితే తలుపు మూస్తాం, మూసిన తలుపు దగ్గర గొడవపడొద్దు, అని.

మా దగ్గర గొడవలు ఉండవులే. మాకు నడక వచ్చినప్పటి నుంచీ నేర్పేది ఒక్కటే, జాగ ఇడుసుడు. రద్దీ చోటు నుంచి నువ్వే ముందు తప్పుకోవాలి. నీ ఊపిరి ఇంకొకరికి మిగల్చాలి. ఎదుటివాడు తప్పుకోకముందే తప్పుకున్నవాడే మర్యాదస్తుడు. దగ్గున్నవాడు గుంపులోకి రాడు, లావుపాటివాడు ముందు వరసలో కూర్చోడు. మా మొగిలి రెండేళ్ళప్పుడే తినుబండారం కోసం వరసలో నిలబడి వెనక పిల్లకు దారి ఇచ్చింది. చూసినవాళ్ళంతా ఎంత మెచ్చుకున్నారో.

శనివారం, మొదటి షిఫ్టు

పెద్దక్క సగం. చిన్నక్క వేడెక్కుతోంది.

ఒక్క బిళ్ళ. కోలాటమా, ఐలవ్వా? అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మళ్ళీ ఆమె దగ్గరికే పోయి చెప్పాను. నవ్వింది.

"పిచ్చిదానా, నా కథ నీకు కంఠపాఠం. నేను మరిస్తే నువ్వే అందిస్తవ్. పోరి మొదటి ఆట మళ్ళ వస్తదా? దాని దగ్గరికే పో."

"నీ వాన పెండ్లికి నేను లేకుంటే ఎట్లవ్వా?"

"నువ్వు రాకుంటే నీ జాగల ఎన్నడూ విననోడు ఒకడు కూసుంటడు. మంచిదే గద?"

ఆ మాటకు నా మనసు తేలికపడింది. ఆమెకు ఎవరూ లేకుండా పోతుందని కాదు, బానయ్య పోతాడు కదా అని. ఇంట్లో అతనికి చెప్పాను, నీ బిళ్ళ మూడో హాల్లో వేయాలి, ఎండ నాటకం వైపు చూశావంటే కాళ్ళు విరగ్గొడతాను అని. సరే సరే అన్నాడు. అతని సరే ఎంత గట్టిదో పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, అయినా నమ్మాను.

ఆదివారం, పండుగ

పెద్దక్క సగం. డ్యూటీ అయ్యాక మళ్ళీ వచ్చి రాస్తున్నాను. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

మొదటి హాల్లో కోలాటం. పిల్లలు కర్రలు పట్టుకుని వరసగా వచ్చారు, తలుపు మూశారు. మూస్తే ఆట అయ్యేవరకు తీయరు. నా పక్కన దేవక్క కూర్చుంది. ఐలవ్వ అరకు గోడ అవతల అర ఆమెది. నాకు ఆశ్చర్యమేసింది.

"నువ్వు అవ్వ కాడికి పోలేదా?" అన్నాను.

"నా మోకాళ్ళతోని నిలబడుడు కాదు. కూసుంటే ఇద్దరి జాగ తింట. చిన్నపోరగాండ్లు విననియ్యని ఇడిసిన," అంది దేవక్క, మంచి పని చేసిన ముఖంతో.

సరే అనుకున్నాను. కర్రలు టకటకమన్నాయి. ముందు వరసలో బడి టీచరు రాజేశ్వరి కనబడింది. ఏటా తన పిల్లలందరినీ ఐలవ్వ దగ్గరికి తీసుకుపోయే మనిషి. ఆమె వెనక ఆ పిల్లలంతా ఉన్నారు. దేవక్క ఏ చిన్నపిల్లల కోసమైతే జాగ వదిలిందో, ఆ పిల్లలే. నేను వంగి ఆమె భుజం తట్టాను.

"ముసలోళ్ళకు ఇదే ఆఖరు పండుగేమో, ఆళ్ళు వింటరని పిల్లలను ఇటు తెచ్చిన సారక్కా," అంది.

ముసలివాళ్ళు? వెనక్కి తిరిగి చూశాను. గోడ పొడుగూతా ముసలివాళ్ళే. నిరుడు తలుపు బయట ఏడ్చిన ముసలాయన కూడా అక్కడే ఉన్నాడు. మళ్ళీ అంత రద్దీలో నిలబడలేక ఇటు వచ్చానని చేతులతో సైగ చేశాడు. లేచి తలుపు దగ్గరికి పోయాను. కాపలా పిల్లాడు తల అడ్డంగా ఊపాడు.

"తెరవరా, నీ కాళ్ళు మొక్కుత."

"తెరిస్తే లోపలి గాలి లెక్క తప్పుతది అక్కా. పిల్లలు ఆడుతుండ్రు."

వెనక్కి తిరిగేసరికి మొగిలి నన్నే వెతుకుతోంది. కర్ర ఎత్తి, ఎక్కడున్నావ్ అన్నట్టు చూస్తోంది. నేను చెయ్యి ఊపి నవ్వాను. ఎంత బాగా ఆడింది నా తల్లి! ఒక్క కర్ర తప్పలేదు. నేను చప్పట్లు కొడుతూ ఏడుస్తుంటే, సంతోషానికని అనుకుంది.

తలుపు తీయగానే పరుగెత్తాను. మూడో హాలు గాలి తూము మూసే ఉంది. పాతికమంది కూడితేగానీ దాన్ని తెరవరు. లోపల బిగిసిన గాలిలో ఐలవ్వ గజ్జెలు కట్టుకుని కూర్చుని ఉంది, పక్కన డోలుతో రాజలింగు. ఎదురుగా చెవులు వినిపించని ముత్తయ్య తాతా, ఒక చంటిపిల్ల తల్లీ, ఎవరో ఇద్దరు. అంతే.

"అయిపోయిందా అవ్వా?"

"చెప్పిన. పెండ్లికి చుట్టాలు రాకుంటే పెండ్లి ఆపుతమా? ఉన్న నలుగురినే నేల దిక్కు కొంతసేపు, వాన దిక్కు కొంతసేపు చుట్టాలని పిలిచిన." గొంతు బొంగురుపోయింది. నా ముఖం చూసి, "సారమ్మా, నా కథ గంత పాతగైందానే?" అని అడిగింది.

కాదవ్వా, నువ్వంటే ప్రేమతోనే ఎవరూ రాలేదు అని చెప్పాలి. చెప్పాను కూడా. చెబుతుంటే నాకే ఎంత సిగ్గేసిందో. ఆమె తల ఊపింది, నమ్మిందో లేదో తెలియదు.

బానయ్యను ఇంట్లో నిలదీశాను. సందు మలుపు దాకా పోయాడట. దగ్గు వచ్చిందట. నిండిన హాల్లో దగ్గేవాడు ఎందుకని ఎండ నాటకానికి పోయాడట. నాలుగు తిట్టాను. నీ బిళ్ళ ఎక్కడేసినవ్ అని అతను ఒక్క మాట అన్నాడు, నేను లేచి ఇక్కడికి వచ్చేశాను. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరని సామెత ఉంది. అందరూ దిగి దారి ఇస్తే ఎక్కేవాళ్ళెవరని మా పెద్దలెవరూ ఎందుకు చెప్పలేదో.

సోమవారం, మొదటి షిఫ్టు

పెద్దక్క సగానికన్నా తక్కువ. సూది ఎర్ర గీత మీద.

డ్యూటీ దిగి కమిటీ గదికి పోయాను. నాకన్నా ముందే సగం ఊరు అక్కడుంది. అందరి నోటా ఒకటే మాట, నిండుతదనుకున్న, నిండుతదనుకున్న. సుదర్శనం కూడా అదే అన్నాడు.

"నేనే పోదామనుకున్న. పెద్దమనిషి ముందట కూసుంటే బాగుండదని ఆగిన," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పాపం రాత్రి పడుకున్నట్టు లేదు.

"అయితే ఇంకోసారి పెట్టున్రి. ఊరంత వస్తది," అన్నాను.

"బిళ్ళలేవి సారక్కా? బిళ్ళంటే రేకుముక్క కాదు గద, గాలి. ఆ గాలి నిన్ననే అయిపాయె." గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. పెద్దక్క సగమే ఇస్తంది. లెవెల్ల ఒక్కరి గాలి తక్కువపడ్తంది. అవ్వ కోటాల ఉన్నన్ని దినాలు ఆమె పేరు ఎవ్వరూ ముట్టలే. ఇప్పుడు ఆమెదే మొదటి పేరు."

"రూలు పక్కకు పెట్టు!" అన్నాను.

వెనక నుంచి గౌరక్క లేచింది. ఆమె మామ పోయిన పండుగ తర్వాత దిగాడు.

"మా మామను దించినప్పుడు పక్కకు పెట్టుమని ఒక్కరన్న అన్నరా?" అంది. అరవలేదు, మామూలుగానే అడిగింది. "ఆయిన పాట పాడకపోతుండె, గందుకేనా?"

ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను, సూది పచ్చ గీత మీదికి వచ్చిందని రాసి సంతోషపడ్డాను. ఏమని చెప్పను గౌరక్కకు?

మంగళవారం, మొదటి షిఫ్టు అయ్యాక

పెద్దక్క ఇంకా తిరుగుతోంది.

ఇవాళ ఐలవ్వ దిగుడు, లిఫ్టు దగ్గరికి ఊరు ఊరంతా వచ్చింది. ఎవరికీ బిళ్ళ అక్కర్లేదు కదా, సొరంగం ఎవరి సొత్తూ కాదు. ఇంతమందిని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. గోడ మీది గాలి గంట మోగింది, అయినా ఎవరూ కదల్లేదు. టీచరు పిల్లలతో వచ్చింది. దేవక్క మోకాళ్ళతోనే నిలబడింది. బానయ్య నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గు మింగుతున్నాడు. మొగిలి నా చంకలో ఉంది, ఎత్తుకునే వయసు కాకపోయినా ఎత్తుకున్నాను.

ఐలవ్వ మూట పట్టుకుని వచ్చింది. జనాన్ని చూసి ఆగిపోయింది.

"అవ్వల్లారా, అయ్యల్లారా! ఇంతమందున్నరా ఇంకా?" అంది. నిజంగానే సంబరపడింది. ఒక్కొక్కరి ముఖం చూస్తూ, ఎవరింటి నుంచి ఎవరు వచ్చారో మెల్లగా పేర్లు చెప్పుకుంటూ నడిచింది. నా దగ్గరికి వచ్చి మొగిలి బుగ్గ నిమిరింది. "మస్తుగ ఆడినవంట గద బిడ్డా, మీ అమ్మ చెప్పింది," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కట్టెలా ఉంది. వదలడానికి నాకు చేతకాలేదు, ఆమే విడిపించుకుంది.

అప్పుడు సుదర్శనం ముందుకొచ్చాడు. దిగుడు ముందు చదవాల్సిన మాట ఒకటుంది. ఎప్పుడూ గబగబా గొణిగి పారేస్తారు. ఇవాళ నిదానంగా, గట్టిగా చదివాడు.

"కావలసింది ఒక్కరి గాలి. ఈమె బదులు ఇంకెవరన్న దిగుత అంటే, ఈమె పైన ఉండొచ్చు. ఎవరన్న ఉన్నరా?"

చదివి తల ఎత్తి అందరినీ చూశాడు. గాలి గంట మోగుతూనే ఉంది. నేను దేవక్కను చూశాను, దేవక్క టీచరును చూసింది, టీచరు తలదించుకుని పిల్లల జుట్టు సరిచేసింది. బానయ్య గుడ్డ తీసి ఏదో అనబోతుంటే నేనే అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎక్కడో వెనక ఎవరో కదిలారు. అందరం ఆశగా తిరిగి చూశాం. ఎవరో కాలు మార్చుకున్నారు, అంతే. మొన్న మేమంతా ఆమె మీద ప్రేమతో ఆగాం. ఇవాళ ఎందుకు ఆగామో నేను ఎవరికీ చెప్పక్కర్లేదు.

సుదర్శనం ఇంకోసారి అడగబోయాడు. ఐలవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊకో కొడుకా. అడిగి అడిగి ఆళ్ళను బాధ పెట్టకు," అని తనే లోపలికి పోయి గేటు లాక్కుంది. లిఫ్టు పోయింది.

మొగిలి నా మెడ పట్టుకుని చెవిలో అడిగింది. "అమ్మా, నువ్వు పోతనందామనుకున్నవా?"

"నాకు నువ్వున్నవ్ గద," అన్నాను.

ఆ మాట అక్కడికి రాకముందు నుంచే నా నోట్లో సిద్ధంగా ఉంది. పొద్దున తల దువ్వుకుంటూ కూడబెట్టుకున్నాను. మొగిలిని చంకన వేసుకుంది కూడా అందుకే. నన్ను ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

బుధవారం, మొదటి షిఫ్టు

పెద్దక్క సగం. చిన్నక్క తిరుగుతోంది.

సూది ఎర్ర గీత దాటి కొంచెం పైకి వచ్చింది. నిన్నటి కన్నా ఇవాళ ఊపిరి తేలిగ్గా ఆడుతోంది.